సన్న టైరుతో సాగర్ దాకా: సైకిల్ ప్రశ్నలు, జవాబులు

వానలు వెనకబట్టాయి. దూరం తొక్కేవాళ్లకు ఇదే మంచి కాలం. అందుకే కాబోలు, ఈసారి ఉత్తరాలన్నీ టైర్ల మీదే వచ్చాయి. నల్లగొండలో బస్సు డిపో టైర్ల విభాగంలో పనిచేసి రిటైరైన నాకు ఇంతకంటే ఇష్టమైన విషయం లేదు. దేవరకొండ టీచర్ గారి ఉత్తరానికి పెద్ద జవాబే రాశాను. మిగతావాళ్లు కూడా ముందు అది చదవండి, సగం సందేహాలు అక్కడే తీరుతాయి.

ప్రశ్న: దేవరకొండ దగ్గర ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌గా చేస్తున్నాను. నా బరువు 78 కిలోలు, బ్యాగు, నీళ్లు కలిపితే 84. ఈమధ్య రోడ్ సైకిల్ కొన్నాను, దానికి 25 ఎం.ఎం. టైర్లు వచ్చాయి. 200 కిలోమీటర్ల బ్రెవేలో (గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ యాత్ర) పాల్గొనాలని ఆదివారాలు కొండమల్లేపల్లి మీదుగా సాగర్ వైపు, ఒక్కోసారి డిండి వైపు తొక్కుతున్నాను. రెండు గంటలు దాటితే అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి, నడుం పట్టేస్తోంది. పంక్చర్లు సరేసరి. 110 పి.ఎస్.ఐ. (గాలి ఒత్తిడి కొలత) గాలి కొడితే పంక్చర్ కాదని షాపులో చెప్పారు. ఐదు ఎం.ఎం. రబ్బరు పొర ఉండే మారథాన్ ప్లస్ వేసుకోమని ఒక మిత్రుడి సలహా. ఖర్చుకు వెనకాడను సార్. వేసిన టైరు నాలుగు కాలాలు ఉండాలి, ఒళ్లు హూనం కాకూడదు. ఏది వేయమంటారు?

జవాబు: టీచర్ గారూ, మీ సైకిల్‌లో ఎంత వెడల్పు టైరు పడితే అంత వెడల్పుది వేయండి. గాలి తగ్గించండి. కంపెనీ పేరు, లోపలి పొర మందం ఆ తర్వాతి విషయాలు.

ఎందుకో చెబుతాను. మీరు, బ్యాగు, సైకిల్ కలిపితే దాదాపు 96 కిలోలు. అందులో 55 కిలోల పైచిలుకు వెనక చక్రం మీదే పడుతుంది. ఆ బరువును మోసేది రబ్బరు అనుకుంటాం, నిజానికి మోసేది లోపలి గాలి. 25 ఎం.ఎం. టైరులో గాలికి చోటు తక్కువ. అంత తక్కువ గాలి అంత బరువు మోయాలంటే గట్టిగా బిగించి కొట్టాల్సిందే. బిగించి కొట్టాక టైరు వంగదు. అది వంగకపోతే రోడ్డు మీది ప్రతి కంకర రాయీ మీ అరచేతికి చేరుతుంది. టైరు వెడల్పయితే గాలి ఎక్కువ పడుతుంది, అదే బరువును తక్కువ ఒత్తిడితో మోస్తుంది.

దేవరకొండ నుంచి ఏ వైపు పోయినా మన రోడ్లు మీకు తెలియనివి కావు. బీటీ రోడ్డు మీద తారు పోయి కంకర తేలి ఉంటుంది. నాట్ల కాలంలో కేజ్ వీల్స్ తీయకుండా ట్రాక్టర్లను రోడ్డెక్కిస్తారు, ఆ ఇనుప చక్రాలు తారును గీకి గాట్లు పెట్టేస్తాయి. కోతలయ్యాక సగం రోడ్డు వడ్లకే పోతుంది, సైకిల్ అంచుకు దిగాల్సిందే. ఇలాంటి చోట గట్టి టైరు వేగంగా పోతుందనుకోవడం పొరపాటు. చక్రం ఎగిరి పడుతున్న ప్రతిసారీ మీ కాళ్ల సత్తువ ఆ ఎగరడానికే ఖర్చవుతుంది. సాఫీ రోడ్ల మీద పందేలు తొక్కే ప్రొఫెషనల్ రైడర్లు కూడా ఒకప్పుడు 23 ఎం.ఎం. తప్ప వేసేవాళ్లు కారు. తర్వాత 25కు వచ్చారు, ఇప్పుడు 28, అంతకంటే వెడల్పువి కూడా మామూలైపోయాయి. గెలుపు కోసం సెకన్లు లెక్కపెట్టుకునేవాళ్లే అలా మారినప్పుడు మనం సన్న టైరును పట్టుకుని వేలాడాల్సిన పని లేదు.

కొనేముందు మీ సైకిల్‌లో ఎంత పడుతుందో చూడండి. టైరుకు, ఫ్రేముకు మధ్య, టైరుకు, బ్రేకుకు మధ్య అన్ని వైపులా కనీసం 4 ఎం.ఎం. ఖాళీ ఉండాలి. దానికి సులువైన పద్ధతి ఉంది. 4 ఎం.ఎం. అలెన్ కీ (నట్లు బిగించే ఆరు పలకల కడ్డీ) తీసుకుని ఆ సందుల్లో దూర్చండి. చక్రం దానికి రాసుకోకుండా తిరగాలి. ముందు ఫోర్కు పైభాగం, వెనక బ్రేకు కింద, పెడల్ దగ్గరి రెండు గొట్టాల మధ్య తప్పక చూడండి. రిమ్ము మీద నొక్కే పాత తరహా బ్రేకులయితే చాలావాటిలో 28 దగ్గరే ఆగాల్సి వస్తుంది. డిస్క్ బ్రేకులయితే 32 హాయిగా పట్టే సైకిళ్లు చాలా ఉన్నాయి. 32 పడితే 32 వేయండి, పడకపోతే 28. రెండింటికీ నడుమ 30 కూడా దొరుకుతుంది. ఇంకో మాట, 28 అని రాసి ఉన్న టైరు వెడల్పాటి రిమ్ము మీద ఎక్కిస్తే కొలతకు 29, 30 కూడా రావచ్చు. అందుకే అంచుకు అంచు సరిపోయేలా కొనొద్దు.

సైజు అడిగేటప్పుడు టైరు పక్కన ముద్రించిన రెండు అంకెలు చూడండి. 28-622, 32-622 అని ఉంటుంది. మొదటిది వెడల్పు, రెండోది టైరు అంచు రిమ్ములో కూర్చునే చోటి వ్యాసం, మిల్లీమీటర్లలో. రోడ్ సైకిల్ టైర్లను షాపుల్లో 700సి అంటారు, 700సి అన్నా 622 అన్నా ఒకటే. ఈ రెండో అంకె కలవకపోతే ఎంత మంచి టైరైనా మీకు పనికిరాదు.

ఇక గాలి. టైరు పక్కన రాసి ఉండే 110, 120 అంకె ఆ టైరుకు గరిష్ఠ హద్దు. అంత కొట్టమని దాని అర్థం కాదు. మీ బరువుకు 32 ఎం.ఎం. అయితే వెనక 65 పి.ఎస్.ఐ., ముందు 55తో మొదలుపెట్టండి. 28 అయితే వెనక 80, ముందు 70. ఒక వారం తొక్కి, రెండు మూడు పాయింట్ల చొప్పున అటూ ఇటూ మార్చుకోండి. సరిగ్గా ఉందో లేదో కంటితో చూడాలంటే మీరు సైకిల్ ఎక్కి గోడను ఆనుకోండి, ఇంట్లోవాళ్లను వెనక టైరు చూడమనండి. మీ బరువుకు టైరు ఎత్తులో దాదాపు 15 శాతం కుంగాలి. 32 ఎం.ఎం. టైరుకు అది 5 ఎం.ఎం. లోపే. ఏమీ కుంగకపోతే గాలి ఎక్కువైనట్టు. గుంతలో పడినప్పుడు రిమ్ము ఠక్కున తగిలితే తక్కువైనట్టు. బొటనవేలితో నొక్కి చూసి 70కీ 100కీ తేడా చెప్పడం ఎవరివల్లా కాదు, కాబట్టి మీటరున్న నిలువు పంపు ఒకటి ఇంట్లో పెట్టుకోండి. టైరు కంటే ముందు దానికి డబ్బు పెట్టినా నేను మెచ్చుకుంటాను.

110 కొడితే పంక్చర్ కాదన్న మాటలో నిజం ఒక ముక్కే ఉంది. గాలి తక్కువైతే గుంత అంచుకు, రిమ్ముకు మధ్య ట్యూబు నలిగి, పక్కపక్కన రెండు చీలికలు పడతాయి. ఎక్కువ గాలి ఈ ఒక్క రకాన్నే ఆపుతుంది. వెడల్పు టైరు కూడా దాన్ని ఆపుతుంది, అదీ మీ చేతులను బాధపెట్టకుండా. ముల్లు సంగతి వేరు. బిగుసుకున్న టైరు ముల్లు మీదికి ఎక్కితే పక్కకు జరగనివ్వదు, నేరుగా దిగేసుకుంటుంది.

మన ప్రాంతపు ముళ్ల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. డిండి రోడ్డు పొడుగునా సర్కారు తుమ్మ ఉంటుంది. దాన్ని కొట్టి ట్రాక్టర్లలో తీసుకుపోయిన రోజు రోడ్డు అంచంతా ముళ్లే. ఆ ముల్లు పొడుగ్గా, గట్టిగా ఉంటుంది, సన్న టైరును ఒక్క దెబ్బకు దాటేస్తుంది. పల్లేరు కాయలది వేరే తీరు. అవి వానలకు మొలిచి, చలికాలానికి ఎండి, మట్టి అంచుల్లో పరుచుకుని ఉంటాయి. టీ తాగడానికి సైకిల్‌ను రోడ్డు దించి మట్టిలో నడిపిస్తామే, అక్కడ అంటుకుంటాయి. దించకుండా భుజాన ఎత్తుకుని పోవడమే మంచిది. మూడోది హైవేల మీది తీగ. లారీ టైరు పేలినప్పుడు అందులోని ఉక్కు తీగలు సన్నటి ముక్కలై రోడ్డు పక్క తెల్ల గీత దాటిన చోట పేరుకుంటాయి. డిపోలో పాత టైర్లు విప్పినప్పుడు ఆ తీగలు నా వేళ్లలో దిగేవి, అవెంత సన్నవో నాకు బాగా తెలుసు. ఏ రక్షణ పొరనైనా దాటి లోపలికి పోతాయి. ముల్లు ఒకసారి గుచ్చి ఊరుకుంటుంది, తీగ మాత్రం టైరులోనే ఉండిపోయి కొత్త ట్యూబును కూడా పొడుస్తుంది. పంక్చర్ వేసిన ప్రతిసారీ టైరు లోపల దూది తిప్పండి. తీగ ఉన్న చోట దూది పీచు చిక్కుకుంటుంది. పట్టకారుతో లాగెయ్యండి.

ఇప్పుడు మీ మిత్రుడు చెప్పిన మారథాన్ ప్లస్ సంగతి. ష్వాల్బే కంపెనీ టైరు అది, అందులో 5 ఎం.ఎం. రబ్బరు పొర ఉన్నమాట నిజం. ముళ్లకు అంతకంటే గట్టి జవాబు తక్కువ. రోజూ బరువులు వేసుకుని ఊళ్లు తిరిగేవాళ్లకు, పంక్చర్ ఒక్కటే బెంగ అయినవాళ్లకు నేను అదే చెబుతాను. మీకు చెప్పను. 32 సైజులో ఒక్కో టైరు ముప్పావు కిలో దాటుతుంది. బరువు కంటే నన్ను ఆపేది దాని బిగుసుదనం. మందంగా ఉన్న టైరు వంగదు, మళ్లీ మీ అరచేతుల తిమ్మిరి దగ్గరికే వస్తాం. పైగా ఎప్పుడో ఒకసారి పంక్చర్ అయితే, ఎండలో రోడ్డు పక్క కూర్చుని దాన్ని రిమ్ము నుంచి విప్పడం చాలా కష్టం. బ్రెవేలో వెనకాల బండి వచ్చి సాయం చేయదు, ఎవరి రిపేరు వాళ్లదే. 200 కిలోమీటర్లకు ఇచ్చే 13 గంటల 30 నిమిషాల్లోనే ఆ పనీ అయిపోవాలి.

నేను మీకు సూచించేది మధ్యరకం. పై రబ్బరు కింద ముళ్లను ఆపే పలుచటి అల్లిక పొర ఉండాలి, పక్క గోడలకు కూడా కొంత రక్షణ ఉండాలి, చేత్తో నొక్కితే గోడ మెత్తగా వంగాలి. కాంటినెంటల్ వాళ్ల గ్రాండ్ ప్రీ ఫోర్ సీజన్ అలాంటిది, 28, 32 రెండింట్లోనూ వస్తుంది. అదే కంపెనీ గేటర్‌స్కిన్ అరుగుదలకు బాగా ఆగుతుంది కానీ గోడలు బిరుసు. మీ చేతుల బాధ విన్నాక అది రెండో ఎంపికే. వేరే కంపెనీవి కొన్నా పైన చెప్పిన గుణాలే చూడండి. అల్లికలో అంగుళానికి ఎన్ని దారాలో టీపీఐ అని రాస్తారు. అది ఎక్కువైతే టైరు మెత్తన, తక్కువైతే మొరటు. అందులో కూడా మధ్యలో ఆగండి. పందేల కోసం చేసిన పలుచటి టైర్లు మన సర్కారు తుమ్మ ముందు నిలవవు. పైన గాట్లు, డిజైన్లు ఎక్కువున్న టైరు తడి రోడ్డు మీద జారదని కొందరు నమ్ముతారు. అది కారుకు, బస్సుకు సంబంధించిన సంగతి. సైకిల్ టైరు సన్నగా, గుండ్రంగా ఉంటుంది, నీళ్లను తనే పక్కకు చీలుస్తుంది. తారు రోడ్డుకు నున్నటి టైరే సరైనది.

నాలుగు కాలాలు ఉండాలన్నారు కదా. వెనక టైరు ముందుదానికంటే చాలా త్వరగా అరుగుతుంది. అరిగినప్పుడు కొత్తది వెనక వేయకండి. ముందున్నదాన్ని వెనక్కి మార్చి, కొత్తది ముందు వేయండి. వెనక టైరు పేలితే సైకిల్ ఆపుకోగలం, ముందుది పేలితే హ్యాండిల్ మన చేతిలో ఉండదు. మంచి టైరు ఎప్పుడూ ముందే ఉండాలి. కొన్ని టైర్ల మధ్యలో రెండు చిన్న గుంతలు ఉంటాయి, అవి మాయమైతే మార్చే టైం వచ్చినట్టు. గుంతలు లేని టైరైతే మధ్యలో చదునుగా అరిగిందా, దారాలు కనిపిస్తున్నాయా చూడండి. సైకిల్‌ను ఎండలో వదలకండి. అరక్కుండానే పక్క గోడలు బీటలు వారే టైర్లు మన జిల్లాలో చాలా చూశాను.

టైరు మార్చాక కూడా తిమ్మిరి తగ్గకపోతే సీటు ముందుకు వంగి ఉందేమో, హ్యాండిల్ మరీ కిందికి ఉందేమో చూపించుకోండి. బరువంతా చేతుల మీద పడుతుంటే ఏ టైరూ కాపాడదు. ఇంకొక్క మాట, కొత్త టైర్లతో నేరుగా బ్రెవేకు పోవద్దు. అవి వేసుకుని కనీసం రెండు ఆదివారాలు తొక్కండి, ఇంట్లో కూర్చుని ఒకసారి విప్పి ఎక్కించడం కూడా సాధన చేయండి.

ప్రశ్న: అంకుల్, మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్నాను. నాది 35 ఎం.ఎం. టైర్ల హైబ్రిడ్ సైకిల్. సెలవుల్లో జడ్చర్ల, కల్వకుర్తి దాకా వెళ్లొస్తాను. మొన్న ఎండాకాలం కాలేజీలో ఎండలో పెడితే టైరు ఢామ్మని పేలింది. ఎండకే పేలిందని అందరూ అంటున్నారు. ఎండాకాలం గాలి సగమే ఉంచాలా? పెట్రోల్ బంకులో కొట్టించుకోవచ్చా?

జవాబు: సగం ఉంచకమ్మా, గుంతలకు ట్యూబు నలిగిపోతుంది. లెక్క చూద్దాం. నువ్వు పొద్దున 25 డిగ్రీల చల్లదనంలో 60 కొట్టావనుకో. మధ్యాహ్నం ఎండలో టైరు 60 డిగ్రీలకు కాగినా లోపలి ఒత్తిడి 69 దగ్గరికి వస్తుంది, అంతే. టైరు మీద రాసి ఉన్న హద్దు దాటనంత వరకు మంచి టైరు దీనికి పేలదు. పేలిందంటే అంతకుముందే ఎక్కడో లోపం ఉండాలి. ట్యూబు కొత్తగా వేసినప్పుడు టైరు అంచు కింద చిక్కుకుని ఉండొచ్చు, పక్క గోడ చీలి ఉండొచ్చు. ఎండ ఆ ఆఖరి కొంచెం ఒత్తిడి ఇచ్చింది. పేలిన ట్యూబు దాచి ఉంటే తీసి చూడు. పొడుగ్గా చీలి ఉంటే దాదాపుగా అంచు కింద చిక్కినట్టే. ఇకమీదట ట్యూబు వేశాక కొంచెం గాలి కొట్టి, చుట్టూ టైరును పక్కకు నొక్కి, ట్యూబు బయటికి కనిపించడం లేదని చూసి, అప్పుడు పూర్తిగా కొట్టు. రిమ్ము లోపలి టేపు కూడా చూసుకో. అది జరిగితే స్పోకు రంధ్రం అంచు ట్యూబును కోస్తుంది.

బంకు సంగతి. నీ ట్యూబుకు స్కూటీకి ఉన్నట్టు లావు మూతి ఉంటే గాలి ఎక్కుతుంది. కానీ ఆ యంత్రం పెద్ద టైర్ల కోసం పెట్టింది, సైకిల్ టైరు నిమిషం లోపే హద్దు దాటిపోతుంది. కొద్దికొద్దిగా కొట్టి ఆపమను, పక్కనే నిలబడు. సన్న మూతి ట్యూబు అయితే చిన్న ఇత్తడి అడాప్టర్ కొని బ్యాగులో వేసుకో, ఊళ్లలో పంక్చర్ షాపు ఆయనకు కూడా అది ఇస్తేనే పని అవుతుంది.

ప్రశ్న: నల్లగొండ నుంచి సూర్యాపేట దాకా వారం వారం తొక్కుతాను. ట్యూబ్‌లెస్‌కు మారితే పంక్చర్ బెడదే ఉండదంటున్నారు. మారాలా?

జవాబు: మీ రిమ్ములు, టైర్లు రెండూ ట్యూబ్‌లెస్‌కు తయారుచేసినవైతేనే ఆలోచించండి. లోపల పోసే ద్రవం చిన్న ముల్లు రంధ్రాలను నిజంగానే మూసేస్తుంది, గాలి కూడా ఇంకా తగ్గించి తొక్కొచ్చు. కానీ మన ఎండలకు ఆ ద్రవం త్వరగా ఆరిపోతుంది, చూసుకుంటూ మళ్లీ పోస్తుండాలి. పెద్ద కోత పడితే ఎలాగూ ట్యూబు వేయాల్సిందే, అప్పుడు చేతులు, బట్టలు అన్నీ ఆ జిగురే. చకచకా చేసుకునే ఓపిక ఉన్నవాళ్లకు మంచిదే. నా ఓటు మాత్రం ట్యూబుకే. సన్నటి ముళ్ల కంటే మీ హైవే మీద లారీ టైరు తీగలు ఎక్కువ, వాటిని ఏరుకునే అలవాటు ట్యూబ్‌లెస్‌లో కూడా తప్పదు.

ప్రశ్న: మాది హాలియా దగ్గర పల్లె. మా నాన్న కాలం నాటి 28 అంగుళాల పెద్ద సైకిల్ నా దగ్గర ఉంది. శివరాత్రికి నలుగురం స్నేహితులం సైకిళ్ల మీద శ్రీశైలం పోదామనుకుంటున్నాం. టౌన్‌లో ఒకాయన 700 టైరు కూడా 28దే, పడుతుంది అంటున్నాడు. నిజమేనా అన్నా?

జవాబు: పడదు తమ్మీ. రెండింటినీ 28 అనే పిలుస్తారు కానీ నీ పెద్ద సైకిల్ టైరు అంచు వ్యాసం 635, 700 టైరుది 622. పదమూడు మిల్లీమీటర్ల తేడా, ఎక్కించడం కుదరదు. 28 × 1½ అని అడుగు, టైరు పక్కన 40-635 అని ఉంటే అదే. ఈ సైజు మన దేశంలో ఇప్పటికీ తయారవుతుంది, లుధియానాలో రాల్సన్, మెట్రో లాంటి కంపెనీలు ఉన్నాయి. మామూలు సైకిల్ షాపులోనే దొరుకుతుంది, ఖరీదూ తక్కువే. రబ్బరు మెత్తగా, కొత్తగా ఉన్నది ఏరుకో. ఏళ్ల తరబడి షాపు ముందు ఎండకు వేలాడిన టైరు కొనకు. వంచి చూస్తే సన్న బీటలు కనిపిస్తాయి.

నీ టైరు 40 ఎం.ఎం. వెడల్పు. టీచర్ గారికి నేను ఇంత చెప్పి ఇప్పించాలనుకున్న సుఖం నీ సైకిల్‌కు ముందే ఉంది. రెండు చక్రాలకూ కొత్త టైర్లు, కొత్త ట్యూబులు వేయించు. వాల్వ్ లోపల ఉండే సన్న రబ్బరు గొట్టం ఎండకు పగులుతుంది, రెండు మూడు ముక్కలు జేబులో ఉంచుకో. నలుగురిలో ఎవరి దగ్గరైనా ఒక స్పేర్ ట్యూబు, సొల్యూషన్, ప్యాచులు, చేతి పంపు ఉండాలి. పాత టైరు నుంచి అరచేయంత ముక్క కోసి పెట్టుకో. టైరు చీలితే లోపలి నుంచి ఆ ముక్క అడ్డం పెట్టి ఇల్లు చేరొచ్చు. మన్ననూరు దాటాక నల్లమలలో షాపుల కోసం వెతుక్కునే పరిస్థితి వద్దు. అక్కడి అటవీ గేటు రాత్రిపూట మూసేస్తారు, పొద్దున దాటేలా బయల్దేరండి.

ఘాట్ దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా పట్టి ఉంచకు. పట్టి వదులుతూ దిగు, మధ్యలో ఆగి రిమ్ము చేత్తో తాకి చూడు. కాలుతుంటే చల్లారేదాకా కూర్చో. బయల్దేరే ముందే బ్రేకు కట్టలు కొత్తవి వేయించు, ఆ కడ్డీల నట్లు బిగించమని చెప్పు.